వాన రాణి ఊళ్లో ఒక పూట

మా పాలమూరులో వాన మొహం చాటేస్తే రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, పిల్లలం భుజాన మోస్తూ కప్పతల్లి ఆడేవాళ్లం. ఇంటింటా బిందెడు నీళ్లు గుమ్మరించేవాళ్లు. కప్ప కన్నా మేమే ఎక్కువ తడిసేవాళ్లం. జొహానెస్‌బర్గ్ వచ్చిన కొత్తలో, దక్షిణాఫ్రికా ఉత్తరాన ఉన్న లింపోపో రాష్ట్రంలో 'వాన రాణి' ఉండేదని విన్నప్పటి నుంచీ ఆ ఊరు చూడాలని కోరిక. కుదిరేసరికి ఏడేళ్లు పట్టింది.

పొలొక్వానే పట్నం దాటి ఘాట్ దిగితే వాన రాణి జనమైన లొబెదు వాళ్ల కొండలు. పైన సైకడ్ల అడవి, ఈతచెట్టులా కనిపించే పురాతన జాతి మొక్కలవి. దూరం నుంచి ఈతచెట్లనుకున్నాను, దగ్గరికెళ్తే కొన్ని నాలుగు నిలువుల ఎత్తున్నాయి. తరతరాల రాణులు కాపాడబట్టే మిగిలాయట.

రాణి బిరుదు మొజాజీ. 1800 ప్రాంతం నుంచి ఆడవాళ్లదే ఆ గద్దె. 'మబ్బుల్ని మార్చేది' అని పొగుడుతారు. వాన మందులు, వాటి కుండలు, ఆ గుట్టు అంతా రాణి దగ్గరే. నాకు మాత్రం అంతకన్నా విడ్డూరంగా తోచింది ఇంకొకటి. 1930ల్లో అక్కడ పరిశోధన చేసిన క్రీగ దంపతులు రాసిన సంగతి: మందు ఉంటే సరిపోదు, రాణి మనసు కుదురుగా ఉండాలి. కోపమొచ్చినా, దుఃఖమొచ్చినా వాన కట్టేస్తుంది. అందుకే కరువొస్తే జనం కానుకలు పట్టుకుని వెళ్లి ఆమె ముంగిట ఆడి పాడేవాళ్లు. మేం మా కప్ప మనసెలా ఉందో ఏనాడూ అడగలేదు!

"అంటే రాణి ఏడవకూడదా నాన్నా?" అంది మా అమ్మాయి.

ఏం చెప్పను? ఐదో రాణి మొకోపేకు కొండ ఎక్కడానికి మండేలా కారు కొనిచ్చాడన్న కథ చెప్పి మాట మార్చాను. ఆరో రాణి మకోబో గురించి చెప్పలేదు. 2003 ఏప్రిల్‌లో ఆమె పట్టాభిషేకం నాడు సన్నగా తుంపర పడింది, శుభమన్నారు. రెండేళ్లు దాటిన కొద్ది నెలలకే, 27 ఏళ్లకే పోయింది. ఊరి వానంతా ఆ వయసు పిల్ల మనసు మీద వేయడం నాకెందుకో మింగుడుపడదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి గద్దె ఖాళీ. 2016లో ప్రభుత్వం ఆ రాణిరికాన్ని అధికారికంగా గుర్తించింది.

వాన పూజ ఏటా నవంబరులో రాజనివాసంలో జరుగుతుంది. మేం వెళ్లింది ఆగస్టులో, నా తెలివి! డప్పులూ లేవు, పాటలూ లేవు. ఎండ మాడ్చేసింది.

తిరిగొస్తుంటే కప్పతల్లి పాట పాడమంది అమ్మాయి. మొదటి రెండు చరణాలే గుర్తొచ్చాయి. మిగతాది ఫోన్‌లో మా అక్క పాడింది.