పీఎంపీ పరీక్ష: అప్లికేషన్ నుంచి ఆఖరి అరవై ప్రశ్నల దాకా నా అనుభవం

ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ (పీఎంఐ) ఇచ్చే ప్రాజెక్ట్ మేనేజర్ల సర్టిఫికెట్ పీఎంపీకి సిద్ధమయ్యేవాళ్లు ఎక్కువమంది ముందు పుస్తకం తెరుస్తారు. నన్నడిగితే ముందు తెరవాల్సింది అప్లికేషన్. అర్హత లెక్క అక్కడే తేలిపోతుంది. మన పనిలో ఏది ప్రాజెక్టో, ఏది రోజువారీ సపోర్టో కూడా అది రాస్తున్నప్పుడే తెలిసొస్తుంది.

నేను రాసినప్పటి నిబంధనల ప్రకారం, బీటెక్ లాంటి నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకు 36 నెలలు, డిప్లొమా స్థాయి చదువైతే 60 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం ఉండాలి. అదీ గత ఎనిమిదేళ్ల లోపుది కావాలి. ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు చేసినా లెక్కకు వచ్చేది ఒక్క నెలే. అందుకే ఎక్సెల్‌లో నెలలను వరుసగా పెట్టుకుని, ఏ నెల ఏ ప్రాజెక్టు కిందికి వస్తుందో గుర్తు పెట్టుకున్నాను. వీటికి తోడు 35 గంటల శిక్షణ చేసినట్టు సర్టిఫికెట్ ఉండాలి.

ప్రతి ప్రాజెక్టు గురించి నాలుగు సంగతులు రాస్తే చాలు: లక్ష్యం ఏమిటి, మీ పాత్ర ఏమిటి, ప్లానింగ్ నుంచి ముగింపు దాకా మీరు చేసిందేమిటి, చివరికి ఏం సాధించారు. టికెట్లు క్లోజ్ చేయడం, ప్రొడక్షన్ సపోర్ట్ చూడడం లాంటివి రాస్తే తిరస్కరిస్తారు. అవి మొదలూ చివరా ఉన్న ప్రాజెక్టులు కావు. 'మేము చేశాం' అని కాకుండా 'నేను రిస్కులు గుర్తించాను, షెడ్యూల్ తయారుచేశాను' అని రాయాలి. కొన్ని అప్లికేషన్లు ఆడిట్‌కు, అంటే పత్రాలు అడిగి సరిచూసే తనిఖీకి వెళ్తాయి. అందుకు 90 రోజుల గడువిస్తారు. డిగ్రీ కాపీ, శిక్షణ సర్టిఫికెట్, అప్పటి మేనేజర్ ధ్రువీకరణ పంపాలి. కాబట్టి అప్లికేషన్ పంపే ముందే పాత మేనేజర్లకు ఒక మాట చెప్పి ఉంచడం మంచిది.

పేరు విషయంలో మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. ఆఫీసు రికార్డుల్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, ఇంకోచోట చివరికి వెళ్తుంది. పీఎంఐ ప్రొఫైల్‌లో పేరు, పరీక్షరోజు చూపించే గుర్తింపు కార్డులో పేరు ఒకేలా ఉండాలి. తేడా వస్తే లోపలికి పంపరు, కట్టిన ఫీజు కూడా పోతుంది. పాస్‌పోర్టును ఎదురుగా పెట్టుకుని, అందులో ఉన్నట్టే ప్రొఫైల్ నింపడం అన్నిటికంటే భద్రం.

ఇక చదువు. 2021 జనవరిలో అమల్లోకి వచ్చిన, పరీక్షలో ఏమేం అడుగుతారో చెప్పే పీఎంఐ అవుట్‌లైన్‌తో నేను పరీక్ష రాశాను. 180 ప్రశ్నలు, 230 నిమిషాలు. మార్కులు 175 ప్రశ్నలకే. మిగతా ఐదూ పీఎంఐవాళ్లు పరీక్షించి చూసుకునేవి, అవి ఏవో మనకు తెలియదు. డొమైన్ల (విభాగాల) వారీగా పీపుల్ 42 శాతం, ప్రాసెస్ 50, బిజినెస్ ఎన్విరాన్‌మెంట్ 8. దాదాపు సగం ప్రశ్నలు ఎజైల్ (పనిని చిన్న విడతలుగా చేస్తూ మార్పులకు చోటిచ్చేది), హైబ్రిడ్ (దాన్ని ముందే ప్లాన్ వేసుకునే తీరుతో కలిపేది) పద్ధతుల మీద ఉండేవి. 2026 జులై నుంచి కొత్త అవుట్‌లైన్‌ను ప్రకటించారు. అందులో బిజినెస్ ఎన్విరాన్‌మెంట్ వాటా 26 శాతం. మీ తేదీకి ఏది వర్తిస్తుందో చూసుకుని, ఆ పత్రంలోని టాస్కులనే చెక్‌లిస్టుగా పెట్టుకోండి.

పీఎంఐ ప్రామాణిక పుస్తకం పీఎంబాక్ గైడ్ ఆరో ఎడిషన్‌లోని 49 ప్రాసెస్‌లనూ, వాటి ఇన్‌పుట్లూ అవుట్‌పుట్లతో సహా బట్టీ పట్టాలని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. ఆ సమయం వృథా. ఏ ప్రాసెస్ ఎందుకుందో, దాని తర్వాత ఏది వస్తుందో తెలిస్తే సరిపోతుంది. ఏడో ఎడిషన్‌లోని 12 సూత్రాలను ఒకసారి నిదానంగా చదవాలి. ఎజైల్ ప్రాక్టీస్ గైడ్ చిన్న పుస్తకం, దాన్ని మాత్రం రెండుసార్లు చదవడం న్యాయం.

లెక్కలు తక్కువే వస్తాయి, కానీ ఎర్న్‌డ్ వాల్యూ (అయిన పని విలువను ప్లాన్‌తో, ఖర్చుతో పోల్చే లెక్క) వచ్చి తీరాలి. బడ్జెట్ 10 లక్షలు, ఈపాటికి 5 లక్షల విలువైన పని అయిపోవాలి (పీవీ), అయింది 4 లక్షలది (ఈవీ), ఖర్చు 5 లక్షలు (ఏసీ) అనుకోండి. ఈవీని ఏసీతో భాగిస్తే సీపీఐ (ఖర్చు సూచిక) 0.8. ఈవీని పీవీతో భాగిస్తే ఎస్‌పీఐ (గడువు సూచిక) కూడా 0.8. ఇదే తీరు సాగితే మొత్తం ఖర్చు 10 లక్షలను 0.8తో భాగించినంత, అంటే 12.5 లక్షలు. అసలు బడ్జెట్‌లోనే ముగించాలంటే మిగిలిన 6 లక్షల పనిని మిగిలిన 5 లక్షలతో చేయాలి, అంటే టీసీపీఐ (ఇకమీదట సాధించాల్సిన ఖర్చు సూచిక) 1.2. అంకెలు రాబట్టడం కంటే వాటి అర్థం చెప్పగలగడం ముఖ్యం. ఒకటి కంటే తక్కువ సీపీఐ ఖర్చు మీరుతోందన్న సూచన, ఒకటి కంటే ఎక్కువ టీసీపీఐ ఇకమీదట మరింత పొదుపుగా పనిచేయాలనే హెచ్చరిక.

అసలు పరీక్షంతా 'ప్రాజెక్ట్ మేనేజర్ మొదట ఏం చేయాలి' అన్నదాని మీదే నడుస్తుంది. నాలుగు ఆప్షన్లూ ఏదో ఒక దశలో చేయాల్సినవే అయి ఉంటాయి, మనం పట్టుకోవాల్సింది వరుసను. క్లయింట్ నేరుగా డెవలపర్‌తో మాట్లాడి కొత్త ఫీచర్ అడిగాడనుకోండి. స్పాన్సర్‌కు చెప్పాలా, కుదరదనాలా, ప్లాన్ మార్చాలా, ప్రభావం అంచనా వేయాలా? ప్రిడిక్టివ్ (ముందే పూర్తి ప్లాన్ వేసుకునే) ప్రాజెక్టులో ముందు ఖర్చు, గడువు, నాణ్యతల మీద ప్రభావం చూడాలి. తర్వాత చేంజ్ రిక్వెస్ట్, చేంజ్ కంట్రోల్ బోర్డు (మార్పులను ఆమోదించే బృందం) నిర్ణయం, ఆమోదిస్తే ప్లాన్ సవరణ, సంబంధితులకు సమాచారం. అదే ప్రశ్నలో స్ప్రింట్ (చిన్న పని విడత), బ్యాక్‌లాగ్ (చేయాల్సిన పనుల జాబితా) అన్న ఎజైల్ మాటలుంటే జవాబు మారిపోతుంది. ఆ అభ్యర్థన ప్రొడక్ట్ ఓనర్ దగ్గరికి వెళ్లాలి, ప్రాధాన్యం ఆయన నిర్ణయిస్తాడు, ఎంత శ్రమో టీమ్ చెబుతుంది. అందుకే జవాబు వెతికే ముందు ఏ పద్ధతి నడుస్తోందో గుర్తించాలి.

ఆఫీసు అలవాట్లు ఇక్కడే దెబ్బతీస్తాయి. సమస్య రాగానే పైవాళ్లను సీసీలో పెట్టి మెయిల్ కొట్టడం మనకు మామూలు. పరీక్షలో అది ఆఖరి దారి, విషయం మన అధికారం దాటినప్పుడే సరైన జవాబు. ఇద్దరు సభ్యులు గొడవపడితే ముందు వాళ్లతో విడిగా మాట్లాడి కారణం తెలుసుకోవాలి. సమస్య ఇంకా జరగనిదైతే రిస్క్ రిజిస్టర్‌లో, జరిగిపోయిందైతే ఇష్యూ లాగ్‌లో రాయాలి. ముందే రాసుకున్న స్పందన ఉంటే దాన్నే అమలు చేయాలి.

మాక్ టెస్టులకు పీఎంఐవాళ్ల ఆన్‌లైన్ సాధన వేదిక స్టడీ హాల్ వాడాను. అందులో 'ఎక్స్‌పర్ట్' అని ముద్ర వేసిన ప్రశ్నలు తప్పుతున్నాయని బెంగపడొద్దు, అసలు పరీక్షలో అంత మెలికలు తక్కువ. స్కోరు కంటే తప్పుల పుస్తకం విలువైనది. ప్రతి తప్పు పక్కన కారణం రాసుకోవాలి: విషయం తెలియకా, ప్రశ్న సరిగ్గా చదవకా, విశ్లేషించకుండా చర్యకు దూకా, ఆఫీసు అలవాటా. కొన్నాళ్లకు ఒకే కారణం పదేపదే కనిపిస్తుంది. అప్పుడు ఆ ఒక్కదాని మీదే పనిచేయాలి.

ఈ పరీక్ష తెలుగులో లేదు. తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లకు విషయం వచ్చినా చదివే వేగం అడ్డొస్తుంది. ముందు ప్రశ్న ఆఖరి వాక్యం చదివి, ఆ తర్వాత కథ చదివితే అనవసరమైన వివరాలు వాటంతటవే పక్కకు పోతాయి. నేను రాసిన 230 నిమిషాల లెక్కన సగటున ప్రశ్నకు 76 సెకన్లు. 60 ప్రశ్నలయ్యేసరికి గడియారంలో 153 నిమిషాలు, 120 అయ్యేసరికి 77 నిమిషాలు మిగిలి ఉండాలి. ఈ రెండు చోట్లా పది నిమిషాల విరామం ఇస్తారు. విరామం తీసుకున్నాక వెనకటి ప్రశ్నలకు వెళ్లలేం, కాబట్టి మళ్లీ చూద్దామని గుర్తు పెట్టినవన్నీ ముందే తేల్చేయాలి. తప్పుకు మైనస్ మార్కులు లేవు, ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలొద్దు.

ఇంటి నుంచి రాస్తే కాగితం, పెన్ను ఉండకూడదు, తెరమీది వైట్‌బోర్డే వాడాలి. పెదవులు కదుపుతూ చదివినా హెచ్చరిస్తారు. కరెంటు, ఇంటర్నెట్ మీద పూర్తి నమ్మకం లేకపోతే పరీక్ష నిర్వహించే పియర్సన్ వ్యూ సెంటర్‌కు వెళ్లడమే మేలు. నేను సెంటర్‌నే ఎంచుకున్నాను. అక్కడ తుడిచి రాసుకునే బోర్డు ఇస్తారు, సామానంతా లాకర్‌లో పెట్టాలి.

ఫలితంలో శాతం ఉండదు. ఒక్కో డొమైన్‌కు 'అబౌ టార్గెట్' నుంచి 'నీడ్స్ ఇంప్రూవ్‌మెంట్' దాకా నాలుగు స్థాయిల్లో ఒకటి చూపిస్తారు. తప్పితే ఏడాది అర్హత గడువులో మొత్తం మూడుసార్లు రాయొచ్చు. పాసైనవాళ్లు సర్టిఫికెట్ నిలుపుకోవాలంటే మూడేళ్లలో 60 పీడీయూలు (వృత్తిలో నేర్చుకున్నందుకు, సేవ చేసినందుకు వచ్చే పాయింట్లు) పోగుచేయాలి, వాటిలో కనీసం 35 చదువు వైపు నుంచే రావాలి. ఉద్యోగంలో పనిచేసినందుకు, పాఠాలు చెప్పినందుకు వచ్చేవి 25కు మించి లెక్కలోకి రావు.