సగటు చూస్తే అంతా బాగానే ఉంది
భీమవరం పక్కన మా బాబాయికి లీజుకు తీసుకున్న వనామీ రొయ్యల చెరువులున్నాయి. చలికాలంలో ఫోన్ చేస్తే రేటు సంగతి తర్వాత, ముందు నీళ్ళ కబుర్లే. "నీళ్ళ వేడి మధ్యాహ్నం 28 డిగ్రీలు, తెల్లారేసరికి 24 రా. చెక్ ట్రేలో మేత వేసింది వేసినట్టే ఉంది" అంటాడు. రొయ్యలు తింటున్నాయో లేదో చూడ్డానికి నీళ్ళలో దించే పళ్ళెమే చెక్ ట్రే.

సగటు తీస్తే 26. కాగితం మీద ఏ గొడవా లేదు. కానీ రొయ్యకు సొంత ఒంటి వేడి ఉండదు, నీళ్ళ వేడే దాని వేడి. నీళ్ళు చల్లబడితే అరుగుదల మందగిస్తుంది, మేత ముట్టదు. తినని మేత అడుగున కుళ్ళి అమ్మోనియా అవుతుంది. ఎండాకాలం ఇంకో తంటా: వేడికి రొయ్యకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, నీళ్ళలో కరిగేదేమో తక్కువ. అప్పుడే వాన పడిందా, మంచినీరు పైన పొరలా నిలిచి అడుగున ఊపిరాడదు. రాత్రంతా నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరగాల్సిందే, కరెంటు బిల్లు సంగతి దేవుడెరుగు.

అన్నిటికన్నా భయం తెల్లమచ్చ, వైరస్ వల్ల రొయ్యకొచ్చే రోగం. నీళ్ళు 32 డిగ్రీలు దాటితే ఆ వైరస్ నెమ్మదిస్తుంది. చల్లదనంలో, అదీ వేడి ఎక్కుతూ దిగుతూ రొయ్య నీరసించినప్పుడు, చెరువు మొత్తం ఊడ్చుకుపోతుంది.

వాతావరణ మార్పు వార్తల్లో సగటు వేడి ఎంత పెరిగిందో చెబుతారు గానీ, రోజులో ఎంత ఊగిందో పెద్దగా చెప్పరు. నాకైతే రెండోదే అసలు లెక్క. లోతు పెంచితే ఆ ఊపు తగ్గుతుందని బాబాయికీ తెలుసు. లీజు చెరువును సొంత డబ్బుతో ఎవరు తవ్విస్తారు?