గాజులు తియ్యమనే ముందు

మన్ననూరు, దేవరకొండ వైపు పోస్టింగులకు వెళ్లే నర్సింగ్ పిల్లలకు "గిరిజనుల ఆచారాలు" అని ఒక గంట పాఠం చెప్పి పంపిస్తుంటారు. చెంచులు తేనె తీస్తారు, లంబాడీలు అద్దాల బట్టలు కడతారు. పరీక్షలో రాయడానికి పనికొస్తుంది, వార్డులో కాదు. న్యూజిలాండ్‌లో మావోరీ (అక్కడి మూలవాసుల) నర్సు ఇరిహపేటి రామ్స్‌డెన్ తెచ్చిన సాంస్కృతిక భద్రత పద్ధతి వేరు. 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ దాన్ని చదువులో చేర్చింది. అందులో సరిచూసుకోవాల్సింది నర్సు తన అలవాట్లను. సేవ బాగుందో లేదో తేల్చేది రోగి.

ఆ పద్ధతిని మీ నర్సింగ్ పిల్లలకు నేర్పాలంటే క్లాసును బీపీ మిషన్‌తో మొదలుపెట్టండి. పెద్ద వయసు లంబాడీ అవ్వకు మోచేతి పైన వరుసగా గాజులుంటాయి, కఫ్ (చేతికి చుట్టే బీపీ పట్టీ) ఎక్కదు. "తియ్యమ్మా" అని నోటికొస్తుంది. అవి పెండ్లయిన గుర్తు, భర్త పోతే తీసేవి. ఆ మాట విన్నాక బీపీ పెరగకపోతేనే వింత! కొంచెం జరపొచ్చా అని ముందు అడగాలి. వద్దంటే ముంజేతికి సరిపడే కఫ్ కట్టి, చేతిని గుండె ఎత్తున ఆనించి చూడాలి. అక్కడ రీడింగ్ కాస్త ఎక్కువ చూపొచ్చు కాబట్టి కేస్ షీట్‌లో "ముంజేయి" అని రాయాలి. పిల్లలు మరిచేది ఇదే. తర్వాతిసారి ఇంకో నర్సు పైచేతికి కట్టి, అంకె తగ్గింది, మందు పనిచేసిందనుకుంటుంది.

తర్వాత టీబీ గోలీలు. 35 నుంచి 49 కిలోల మనిషికి రోజుకు 3. వాటిలో ఉండే రిఫాంపిసిన్ మందుతో మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పకపోతే, నెత్తురు పడుతోందని భయపడి పెంటకు (చెంచుల గూడేనికి) పోయినంక మానేస్తారు. కేస్ షీట్‌లో మాత్రం "మాట వినలేదు" అని ఎక్కుతుంది. "అర్థమైందా?" అంటే ఎవరైనా తల ఊపుతారు. పక్కన కూర్చొని "నేను సరిగ్గ చెప్పిన్నో లేదో చూస్త, ఇంట్ల ఎట్ల ఏసుకుంటవో చెప్పు అవ్వా" అని అడగడం నేర్పాలి.

ఈ గోలీల మాటను క్లాసులో ముగ్గురితో నాటకంలా ఆడించండి: రోగి, నర్సు, చూసేవారు. పిల్లలు వెంటనే చెంచు యాసను ఎక్కిరించడం మొదలుపెడతారు, అక్కడే ఆపాలి. యాసకు బదులు రోగి మనసులో ఉన్నది చీటీ మీద రాసివ్వండి: "చివరి బస్సు పోతది, ఇంటికాడ పిల్ల ఒక్కతే ఉంది." ఆట అయ్యాక రోగి వేషం వేసినవాళ్లే ముందు మాట్లాడాలి. క్లాసులో చెంచు పిల్ల ఉంటే "మీవాళ్లు ఏం చేస్తరు?" అని నిలబెట్టి అడగొద్దు.

మార్కులు వార్డులో వెయ్యాలి. తండా ఆశా కార్యకర్తతో రోగిని విడిగా అడిగించండి: కూర్చోమన్నరా, చెయ్యి వేసేముందు అడిగిన్రా, మళ్లొస్తవా? విద్యార్థి ముందర అడిగితే అందరూ మంచిగనే చూసిన్రంటారు.