పోర్టోలో అమ్మ, ఆరు గ్లాసులు, ఒక ముళ్ళ పువ్వు

అమ్మ తెనాలి నుంచి మూడు నెలల వీసా మీద మా దగ్గరికి వచ్చి అప్పటికి ఆరు వారాలైంది. నెదర్లాండ్స్‌లో మేముండే ఐండ్‌హోవెన్‌లో చూపించాల్సినవన్నీ చూపించేశా, అంటే నాలుగు రోజుల్లోనే అయిపోయాయి, మా ఊరు అలాంటిది. మా ఆయనేమో రిలీజ్ ఉందని ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తట్లేదు, అమ్మ పొద్దున్నే లేచి కిటికీ దగ్గర కూర్చుని "ఈ వీధిలో అసలు మనుషులుంటారంటావా" అని అడుగుతోంది. ఇలా అయితే లాభం లేదని పోర్చుగల్‌లోని పోర్టోకి చవగ్గా ఫ్లైట్ కనపడగానే శుక్రవారం వెళ్ళి ఆదివారం వచ్చేలా ఇద్దరికీ బుక్ చేసేశా.

ఆ రాత్రే పడుకుని ఫోన్ చూస్తూ ఒక టూర్ కూడా బుక్ చేశా. నాలుగు గంటలు, ఊళ్ళో నడిపిస్తూ చూపిస్తారు, చివర్లో పోర్ట్ వైన్, చీజ్ టేస్టింగ్, తలా అరవై అయిదు యూరోలు. అమ్మతో మాత్రం "ఊరంతా తిప్పి చూపిస్తారు, ఆఖర్న ఏదో తినడానికి పెడతారట" అన్నా. అబద్ధం అయితే కాదు కదా.

ఇక్కడ అమ్మ తిండి సంగతి కొంచెం చెప్పాలి. గుడ్డు కూడా తినదు. చీజ్ అయితే పాలే కదా అని వచ్చిన మొదటి వారం నా ఫ్రిజ్‌లో ఉన్న గౌడా బ్రెడ్డులో పెట్టుకుని బానే తింది, ఇంతలో వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో "విదేశీ చీజ్‌లో దూడ కడుపు కలుపుతారు" అని ఫార్వర్డ్ పెట్టారు. ఆ గ్రూపులో వచ్చేవాటిలో నూటికి తొంభై తొమ్మిది చెత్త, కానీ దురదృష్టం కొద్దీ ఇది నిజం. పాలు గడ్డకట్టడానికి వేసే రెన్నెట్ పాలు తాగే దూడ కడుపులోంచి తీస్తారు, అన్ని చీజుల్లో కాదు గానీ చాలా పాతకాలం చీజుల్లో అదే. ఆ రోజు నుంచి అమ్మ ఇక్కడి సూపర్ మార్కెట్‌లో ప్రతి ప్యాకెట్ తిప్పి "స్ట్రెమ్‌సెల్" (డచ్చిలో రెన్నెట్) అన్న మాట ఎక్కడుందో వెతికి, దాని ముందు "మైక్రోబియెల్" (సూక్ష్మజీవులతో చేసింది) అనో "వెజిటారిష్" (శాకాహారం) అనో ఉంటేనే బుట్టలో వేస్తోంది. డచ్చిలో తనకి వచ్చిన మాటలు ఆ మూడే. నాలుగేళ్ళుగా ఇక్కడుంటున్న నేను ఒక్కసారి కూడా చూళ్ళేదు, ఆ విషయం రోజూ గుర్తు చేసేది.

శనివారం పొద్దున పదింటికి రైల్వే స్టేషన్ ముందు కలవమన్నారు. వెళ్ళాం, ఎవరూ లేరు. ఇరవై నిమిషాలు నిలబడ్డాక మెసేజ్ వచ్చింది, మీటింగ్ పాయింట్ మారింది, పక్క వీధి చర్చి దగ్గరికి రండి అని. ఈ మాట నిన్న చెప్పొచ్చుగా. పరిగెత్తుకుంటూ అక్కడికెళ్తే గైడ్ మమ్మల్నందర్నీ మళ్ళీ అదే స్టేషన్‌కి తీసుకొచ్చాడు. అమ్మ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

కానీ ఆ సావ్ బెంటో స్టేషన్ హాల్లోకి అడుగు పెట్టాక కోపం పోయింది. నాలుగు వైపులా నీలం తెలుపు పలకలు, అజులేజు అంటారు వాటిని, దాదాపు 20,000 పలకలట, జార్జ్ కొలాసో అనే ఆయన బొమ్మలేశాడు, 1916లో స్టేషన్ తెరిచారు. అంతకుముందు ఆ స్థలంలో సన్యాసినుల మఠం ఉండేదట. దూరం నుంచి చూస్తే పెద్ద యుద్ధాలు, పెళ్ళి ఊరేగింపు, దగ్గరికెళ్తే ఒక్కో పలక మీద ఒక గుర్రం కన్ను, ఒక చెయ్యి, సగం మొహం. అమ్మ ముక్కు గోడకి ఆనేంత దగ్గరగా వెళ్ళి "ఒక పలక కింద మీద పెట్టేస్తే ఎవరికీ తెలీదు కదే" అంది, తర్వాత పది నిమిషాలు అలా తిరగబడ్డ పలక దొరుకుతుందేమోనని వెతికింది. దొరకలేదు.

ఆ గోడమీద ఒక పెద్ద బొమ్మ 1415లో ఆఫ్రికా ఉత్తర తీరంలోని స్యూటా అనే ఊరి మీదకి దండెత్తి వెళ్ళినప్పటిది. దాని దగ్గర గైడ్ ఒక కథ చెప్పాడు, ఆ దండయాత్రకి ఓడలు బయల్దేరేటప్పుడు పోర్టో జనం ఊళ్ళో ఉన్న మాంసమంతా సైన్యానికి ఇచ్చేసి తమకి పేగులూ పొట్టలూ మాత్రం మిగుల్చుకున్నారట, అందుకే ఇప్పటికీ ఈ ఊరివాళ్ళని ట్రిపేరోష్ అంటారు. అంటే బోటి తినేవాళ్ళు అన్నమాట. కథ నిజమో కాదో గానీ ఆ బోటి కూర బీన్స్ వేసి ఇప్పటికీ ఊరి స్పెషల్. అమ్మకి తెలుగులో చెప్పా, చెప్పకుండా ఉండాల్సింది. "ఇది బోటి ఊరా? ఇక్కడ నాకేం పెడతారే" అని అక్కడే మొదలుపెట్టింది. నిజంగానే అప్పటిదాకా తన తిండి కష్టంగానే ఉంది, కేఫ్‌లో చూసి ముచ్చటపడ్డ కస్టర్డ్ టార్ట్‌లో గుడ్డు, కాయగూరల సూప్ అని తెప్పిస్తే దాన్లో తేలుతూ సాసేజ్ ముక్క. హోటల్ రూంలో అటుకులు నానబెట్టుకుని తింది.

తర్వాత క్లెరిగోష్ టవర్, 75 మీటర్లు, కిందనుంచి చూపించి "ఎక్కడానికి టైం లేదు" అన్నారు, నాకేం బాధ లేదు, రెండొందల పైచిలుకు మెట్లు. కొండమీద కెథెడ్రల్, దాని ముందు ఫోటోలు, అంతే. హాఫ్ డే టూర్‌లో ఇలా నిలబడి తల ఊపి వచ్చేసే చోట్లు ఉంటాయి, తప్పదు.

అక్కడినుంచి దొం లూయిష్ బ్రిడ్జి. ఇనుప కమాను, 172 మీటర్లు, మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా. 1886లో కట్టారు, చాలామంది ఐఫెల్ టవర్ ఐఫెల్ కట్టాడనుకుంటారు, కాదు, ఆయనతో పనిచేసి విడిపోయిన సేరిగ్ డిజైన్ ఇది, ఐఫెల్ కంపెనీది నదికి ఇంకొంచెం ఎగువన ఉన్న మరియా పియా బ్రిడ్జి, 1877. మేం పై అంతస్తు మీంచి నడిచాం, అదే దారిలో మెట్రో రైలు కూడా వస్తుంది, మధ్యలో అడ్డం ఏమీ ఉండదు, గంట కొట్టుకుంటూ వస్తుంటే జనం తాపీగా పక్కకి జరుగుతారు. అమ్మ కొంగు బిగించి నా మోచెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే సాయంత్రం చూస్తే గోళ్ళ గుర్తులు. కింద డోరు నది, ఒడ్డున పీపాలు పేర్చిన పాతకాలం పడవలు. ఒకప్పుడు పైన కొండల్లో చేసిన వైన్ ఆ పడవల్లోనే ఈ ఊరికి వచ్చేదట, ఇప్పుడు లారీల్లో వస్తోంది, పడవలు మాత్రం ఫోటోలకి.

అవతలి ఒడ్డు గాయా. అది పోర్టో కాదు, వేరే ఊరు, కానీ పోర్ట్ వైన్ నిల్వ చేసే గోదాములు చాలావరకు అక్కడే. ఉత్తరం వైపు తిరిగిన ఒడ్డు కాబట్టి ఎండ తక్కువ, నది గాలి, చల్లగా ఉంటుందని. లోపలికెళ్ళగానే తడి చెక్క వాసన, పాత కిరాణా కొట్టు వెనక గదిలా చీకటి, రెండు వరసల్లో నల్లటి పీపాలు. ఇక్కడ ఇంకో గైడ్, చిన్నపిల్ల, ఇరవై రెండు ఇరవై మూడు ఉంటాయేమో. ఇంగ్లీషులో గడగడా చెప్తూ ఒక్కోటి 550 లీటర్లు, మా భాషలో దీన్ని "పీపా" అంటాం అంది.

అమ్మ ఠక్కున నా చెయ్యి లాగింది. "ఆ పిల్ల పీపా అందా?"

అన్నదనే అన్నా. మాట వాళ్ళదే, మనకి వాళ్ళ ఓడల్లో వచ్చింది. ఇంక అమ్మని ఆపడం నావల్ల కాలేదు, నన్ను మధ్యలో పెట్టుకుని వరసగా అడిగించింది, బొత్తాంని ఏమంటారు, బొతావ్, తువాలుని, తువాల్య, మేస్త్రిని, మెష్ట్ర్, అలమారని, అర్మారియు. ఆ పిల్ల నవ్వుతూ నవ్వుతూ ఒక్కోటి చెప్తోంది, గ్రూపులో మిగతావాళ్ళకి ఏం జరుగుతుందో అర్థం కాక నిలబడ్డారు, ఒక జర్మన్ ఆయన వాచీ చూసుకుంటున్నాడు. పొద్దున్నుంచి బోటి ఊరు అన్న మనిషి ఇప్పుడు చుట్టాలింటికి వచ్చినట్టు పీపా మీద చెయ్యేసి ఫోటో తీయించుకుంది. మా ఇంట్లో కిరసనాయిలు పీపా ఉండేదని కూడా చెప్పించింది.

పోర్ట్ ఎలా చేస్తారో కూడా ఆ పిల్లే చెప్పింది, నాకు బాగా అర్థమైంది కాబట్టి రాస్తున్నా. ద్రాక్ష తొక్కి పులియబెడతారు, మామూలు వైన్ అయితే తీపంతా అయిపోయేదాకా పులవనిస్తారు, ఇక్కడ రెండు మూడు రోజులకే, ఇంకా తీపి మిగిలుండగానే, దాన్లో 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష సారా పోసేస్తారు. దాంతో ఈస్ట్ చచ్చిపోయి పులవడం ఆగిపోతుంది. మనం దోసెల పిండి ఇంక పులవకూడదని ఫ్రిజ్‌లో తోసేస్తాం చూడండి, అలా, కాకపోతే వీళ్ళ ఫ్రిజ్ సారా. అందుకే తీపీ ఎక్కువ, ఘాటూ ఎక్కువ, ఇరవై శాతం దగ్గర ఉంటుంది. ఈ ద్రాక్ష పండే కొండల హద్దులు 1756లోనే పాంబాల్ అనే మంత్రి గీయించి రాళ్ళు పాతించాడట, ఆ హద్దు బయట పండితే అది పోర్ట్ కాదు. జీఐ ట్యాగ్ అన్న మాట పుట్టకముందే అన్నమాట.

ఇంక టేబుల్ దగ్గరికి. మనిషికి మూడు గ్లాసులు, వైట్, రూబీ, పదేళ్ళ టానీ. ఒక చెక్క పలక మీద రెండు రకాల చీజ్, ఎర్రగా బిళ్ళలా కోసిన క్విన్సు పండు (ఆపిల్, బేరి జాతిది) హల్వా. అమ్మ గ్లాసుల్ని నా వైపు జరిపి, పలకని తన వైపు లాక్కుని, "దూడదో కాదో కనుక్కో" అంది.

సిగ్గుపడుతూనే అడిగా, ఇలాంటి ప్రశ్నకి మొహం అదోలా పెడతారని నా భయం. ఆ పిల్ల మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంది. గట్టిగా పసుప్పచ్చగా ఉన్నది సావ్ జార్జ్, అజోర్స్ దీవుల్లో ఆవుపాలతో చేస్తారు, దూడ రెన్నెటే, మీ అమ్మగారు తినకూడదు. రెండోది, ఈ చిన్న గుండ్రటిది, సెర్రా ద ఎస్ట్రెలా, గొర్రెపాలు, ఉప్పు, ఒక ముళ్ళ మొక్క పువ్వు, అంతే, ఇంకేమీ కలపకూడదని రూలే ఉంది అంది. ఆర్టిచోక్ జాతి మొక్కట, ఊదారంగు పువ్వు, ఆ పువ్వులో రేకల్లాంటి సన్నటి పోగుల్ని ఎండబెట్టి, నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పాలల్లో పోస్తే పాలు తోడుకుంటాయి. ఫోన్‌లో బొమ్మ కూడా చూపించింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "పువ్వుతో పాలు తోడెయ్యడం ఎవడు కనిపెట్టాడే" అని తనలో తనే అనుకుంది.

దాని పైన చెక్కు మూతలా కోసి ఉంది, లోపల మెత్తగా, జారుగా, చెంచాతో తీసుకోవాలి. వాసన మాత్రం, నిజం చెప్పాలంటే, గొర్రెల దొడ్డి. అమ్మ మొదటి చెంచాకి మొహం చిట్లించింది. "గడ్డపెరుగు మీద మీగడకి ఉప్పేసి నాలుగు రోజులు మర్చిపోతే ఇలాగే ఉంటుంది" అని తీర్పు చెప్పి, రెండో చెంచా తీసుకుంది. మూడోదానికి క్విన్సు హల్వా ముక్క కూడా కలిపింది, ఆ తీపి ఈ ఉప్పు బాగా కుదిరాయి, అప్పటినుంచి నాకు ఇవ్వడం ఆపేసింది.

టానీ గ్లాసు వాసన ఒక్కటి చూడమని బతిమాలా. పీపాల్లో ఏళ్ళ తరబడి గాలి తగిలి ఎరుపు పోయి గోధుమరంగుకి తిరిగిన వైన్ అది. అమ్మ రెండుసార్లు వాసన చూసి "ఇది మన ద్రాక్షారిష్టం కదే" అంది. ఆశ్చర్యం ఏంటంటే కరెక్టే, ఎండుద్రాక్ష, బెల్లం, ఏదో కషాయం. మరి ద్రాక్షారిష్టంలో కూడా ఆల్కహాల్ ఉంటుంది తెలుసా అన్నా, ఇన్నేళ్ళకి ఒక పాయింట్ దొరికిందని. "సీసా మీద రాసే ఉంటుంది, నేను చదవనా? అది మందు, రెండు చెంచాలు తాగుతాం, నీలా గ్లాసులు గ్లాసులు కాదు" అంది.

గ్లాసులు గ్లాసులు అని ఎందుకందంటే అప్పటికి నావి మూడు అయిపోయి తనవి మొదలుపెట్టా, అరవై అయిదు యూరోలు కదా, వదిలేస్తే ఎలా. ఒంటి గంటన్నర, పొద్దున తిన్నది ఒక క్రొసాంట్. మీరెవరైనా వెళ్తే మాత్రం సాయంత్రం స్లాట్ తీసుకోండి, కడుపునిండా తిని వెళ్ళండి. కూర్చున్నంతసేపు ఏమీ అనిపించలేదు, లేచాకే నేల కొంచెం అటు జరిగింది. వెళ్ళేటప్పుడు నా మోచెయ్యి పట్టుకున్న అమ్మ వచ్చేటప్పుడు అదే బ్రిడ్జి మీద నన్ను రెక్క పట్టుకుని నడిపించింది, మెట్రో గంట వినపడితే "జరుగు" అని నన్ను లాగింది, భయం ఏమైపోయిందో మరి.

ఆ సాయంత్రం ఒక కొట్లో అర కిలో చీజ్, ఎండిన ఆ ముళ్ళ పువ్వు చిన్న ప్యాకెట్ ఒకటి కొనిపించింది. ఇంటికొచ్చాక మా ఆయన ఫ్రిజ్ తెరిచి "ఏదో చచ్చింది" అన్నాడు, అమ్మ పట్టించుకోకుండా పెసరట్టు మీద ఉల్లిపాయలతో పాటు అది కూడా రాసుకుని తినేసింది.

అమ్మ తెనాలి వెళ్ళి నెల దాటింది. మొన్న వీడియో కాల్ చేస్తే స్టీలు గిన్నె కెమెరాకి అడ్డం పెట్టింది, గేదెపాలు, పువ్వు నానబెట్టిన నీళ్ళు, గడ్డ అయితే కట్టింది, జున్నులా వణుకుతోంది. ఎలా ఉందమ్మా అన్నా. "పరమ చేదు. మన పాలకి అంత పువ్వు అక్కర్లేదేమో, ఈసారి సగం వేసి చూస్తా" అని, ప్యాకెట్లో ఇంకా ఎంత మిగిలుందో చూపించింది.