మామిడి కొమ్మ మీది వాండా

తూర్పు కనుమల అడవుల్లోనూ, వాటిని ఆనుకున్న పల్లెల పాత మామిడి తోటల్లోనూ చెట్లను పట్టుకొని బతికే ఆర్కిడ్లలో నాకు అత్యంత ప్రియమైనది వాండా టెసెల్లాటా. భారతదేశం, శ్రీలంకల నుంచి మయన్మార్ దాకా విస్తరించిన మొక్క కనుక దీనిని అరుదైనదిగా ఎవరూ పరిగణించరు. అందుకే కాబోలు, తోట శుభ్రం చేసేటప్పుడు దీనిని కూడా బదనికగా భావించి నరికివేస్తుంటారు. ఇది నన్ను ఎంతో బాధిస్తుంది.

మామిడికి పట్టే అసలు బదనిక తన వేరును కొమ్మలోపలికి దింపి చెట్టు నీటిని, లవణాలను లాగుకుంటుంది. వాండా వేళ్ళు బెరడును పట్టుకుంటాయే తప్ప లోపలికి చొచ్చుకుపోవు. వాటి చుట్టూ మృతకణాలతో ఏర్పడిన మెత్తని పొర ఉంటుంది. ఎండలో వెండిలా తెల్లగా కనిపించే ఆ పొర, వాన చినుకులు పడిన కొద్దిసేపటికే నీటిని పీల్చుకొని పారదర్శకమై, అడుగున ఉన్న పచ్చదనాన్ని బయటపెడుతుంది. బెరడు మీదుగా జారే వాన నీరు, అందులో కరిగిన కొద్దిపాటి ధూళి, ఆకుల చివుకు, ఇవే దాని ఆహారానికి ఆధారం. పట్టీల్లాంటి దళసరి ఆకులు నీటిని నిల్వ చేసుకుంటాయి కాబట్టి మండువేసవిని కూడా అది తట్టుకోగలుగుతుంది.

వేసవి నుంచి వానాకాలం దాకా ఆకుల మొదళ్ళ నుంచి పూల వెన్నులు వెలువడతాయి. ఆకుపచ్చ కలిసిన పసుపు రేకుల మీద గోధుమరంగు గీతలు గళ్ళు గళ్ళుగా అల్లుకొని ఉంటాయి. మధ్యనున్న పెదవి రేకు ఊదా, నీలి రంగుల్లో మెరుస్తుంది. పూలకు చక్కని సువాసన కూడా ఉంది.

శాస్త్రలోకానికి ఈ మొక్కను పరిచయం చేసిన విలియం రాక్స్‌బర్గ్ ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా సామర్లకోటలో ఏళ్ళ తరబడి పనిచేశాడు. కోరమాండల్ తీరపు మొక్కల గురించి 1795లో వెలువడిన ఆయన గ్రంథంలో దీని వర్ణన, చిత్రం ఉన్నాయి. నేడు పూల దుకాణాల్లో కనిపించే రంగురంగుల వాండాలన్నీ చేరిన ప్రజాతికి, అంటే దగ్గరి సంబంధమున్న జాతుల సమూహానికి, ఈ జాతే ప్రామాణిక నమూనా, ఆ సమూహం పేరుకు ఆధారమైన జాతి అన్న సంగతి మనవారిలో మరింత మందికి తెలియాలని నా కోరిక.

ఒక్కొక్క కాయలో ధూళి వంటి గింజలు వేల సంఖ్యలో ఉన్నప్పటికీ వాటిలో నిల్వ ఆహారం ఉండదు. అడవిలో అనుకూలమైన శిలీంధ్రం తోడైతేనే గింజ మొలకెత్తుతుంది, ఆ తరువాత పూత పూయడానికి ఏళ్ళు పడుతుంది. కనుక చెట్టు మీది మొక్కను ఊడదీసి ఇంటికి తెచ్చుకోవడం ఏ విధంగానూ సమంజసం కాదు. చెట్టునే కొట్టివేయక తప్పని పరిస్థితి వస్తే, మొక్క పట్టుకున్న బెరడు ముక్కతో సహా జాగ్రత్తగా తీసి, పలుచని నీడ గల సమీపంలోని మరో చెట్టుకు నారతో కట్టవచ్చు. వేళ్ళను మాత్రం మట్టిలో పాతకూడదు. గాలి ఆడకపోతే అవి కుళ్ళిపోతాయి.