దిగులు మొహం కాదు, ఆ కుక్క మొహం గీయండి

ఈమధ్య షెల్టర్లలో ఇంటి కోసం ఎదురుచూసే కుక్కల కోసం బొమ్మలు గీసేవాళ్లు బాగా ఎక్కువయ్యారు, చూస్తుంటే ఎంత సంతోషంగా ఉందో. పెన్సిల్ స్కెచ్‌లు, వాటర్ కలర్స్, ట్యాబ్ మీద గీసినవి, గోడల మీద పెద్ద పెద్ద మ్యూరల్స్, ఎవరికి వచ్చింది వాళ్లు చేస్తున్నారు. నేనూ చాలాకాలంగా ఇదే పనిలో ఉన్నా కాబట్టి ఒక మాట అడగాలనిపించింది. ఊచల వెనకాల కన్నీళ్లు కారుస్తున్న కుక్కని గీయడం కొంచెం తగ్గిద్దాం. ఆ బొమ్మకి షేర్లు వస్తాయి, డొనేషన్లు కూడా వస్తాయి, కాదనను. కానీ చూసినవాళ్లు అయ్యో పాపం అనుకుని కిందకి స్క్రోల్ చేసేస్తారు. వీడు మా ఇంట్లో ఉంటే ఎలా ఉంటాడు, పొద్దున్నే నన్ను ఎలా లేపుతాడు, రాత్రిపూట ఎవరి కాళ్ల దగ్గర పడుకుంటాడు అని ఊహించుకోరు. కుక్కకి ఇల్లు దొరికేది ఆ ఊహ మొదలైనప్పుడే అని నా నమ్మకం.

అసలు కెనెల్‌లో, అంటే షెల్టర్‌లో కుక్కల్ని ఉంచే గూళ్లలో, మనకి కనిపించేది ఆ కుక్క పూర్తి స్వభావం కాదండి. లోపల కాసేపు నిలబడి చూడండి, చుట్టూ మొరుగుళ్లు, ఆ శబ్దం సిమెంటు గోడలకి తగిలి రెట్టింపవుతుంది, క్లీనింగ్ మందుల వాసన, రోజూ కొత్త మొహాలు, మనకే తల దిమ్మెక్కిపోతుంది, మరి మనకన్నా ఎంతో బాగా వినే, వాసన పట్టే ప్రాణికి ఎలా ఉంటుంది? కొన్ని మూలకి ముడుచుకుపోతాయి, కొన్ని గేటు మీదకి ఎగిరెగిరి దూకుతాయి, కొన్ని ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. చూడ్డానికొచ్చినవాళ్లు అదే దాని గుణం అనుకుని పక్క గూటికి వెళ్లిపోతారు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు షెల్టర్ కుక్కల్ని ఒకటి రెండు రాత్రులు ఎవరింటికైనా పంపించి, కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ ఎంతుందో కొలిచారు. 2019లో వచ్చింది ఆ స్టడీ. ఇంట్లో ఉన్నప్పుడు అది తగ్గింది, షెల్టర్‌కి తిరిగొచ్చాక మళ్లీ మొదట్లో ఉన్నంతకి వచ్చేసింది, ఇంకోటి ఏంటంటే ఎవరో ఒకరి ఇంట్లో ఉన్న ఆ రాత్రుల్లోనే అవి మధ్యలో లేవకుండా ఎక్కువసేపు నిద్రపోయాయి. ఇది చదివాక ఫోస్టర్ చేసేవాళ్ల మీద, అంటే కుక్కని కొన్నాళ్లు తమ ఇంట్లో ఉంచుకునేవాళ్ల మీద, నాకు గౌరవం ఇంకా పెరిగింది, ఒక్క వీకెండ్ పెట్టుకున్నా ఆ ప్రాణికి ఒళ్లు మరిచి పడుకునే నిద్ర ఇచ్చినట్టే కదా.

అందుకే నేను కెనెల్ ముందు కూర్చుని గీయను. వాలంటీర్లు వాకింగ్‌కి తీసుకెళ్లేటప్పుడు వెంట వెళ్తా, లేదా ఆడుకునే యార్డులో ఒక పక్కన నేల మీద కూర్చుంటా, కుక్క వైపు సూటిగా తిరిగి కాదు, కొంచెం పక్కకి తిరిగి, ఎందుకంటే తెలియని మనిషి కళ్లలోకి కళ్లు పెట్టి చూస్తే చాలా కుక్కలకి అది బెదిరింపులా ఉంటుంది. ముందు దాన్నే రానివ్వాలి, స్కెచ్‌బుక్ వాసన చూడనివ్వాలి, పెన్సిల్ వాసన చూడనివ్వాలి. ఆ తర్వాత అది తన పనిలో పడిపోతుంది, అప్పుడు మొదలుపెడతా. ఒక చెవి నిలబడి ఇంకో చెవి పడిపోవడం, కూర్చునేటప్పుడు ఒక కాలు పక్కకి జారేసి కూర్చోవడం, బంతి నోట్లో పెట్టుకుని ఇవ్వనా వద్దా అని ఆలోచించడం, ఇలాంటివి దొరికితే చాలు బొమ్మ దానంతటదే వచ్చేస్తుంది. ఒంటి కన్ను కుక్క అయితే ఒంటి కన్నే గీస్తా, మూతి నెరిసిపోతే తెల్ల వెంట్రుకలన్నీ పెడతా, మచ్చ ఉంటే మచ్చ కూడా. అందంగా ఉండాలని వయసు తగ్గించి గీస్తే ఆ ముసలి కుక్కని చూడ్డానికి వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగిపోతారు, అది దానికి అన్యాయం.

ఫోటోల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా, గీయడం రానివాళ్లకి ఇది ఎక్కువ పనికొస్తుంది. ఆన్‌లైన్ అడాప్షన్ ఫోటోల మీద రీసెర్చ్ చేసినవాళ్లు చూసింది ఏంటంటే, ఫోటో క్లియర్‌గా ఉండి, కుక్క కెమెరా వైపు చూస్తూ, బయట ఆరుబయట తీసినవి ఉంటే ఆ కుక్కలు త్వరగా వెళ్తున్నాయట. పైనుంచి వంగి తీస్తే తల పెద్దగా ఒళ్లు చిన్నగా వచ్చి బెదిరినట్టు కనపడతాయి, నేల మీద కూర్చుని కుక్క కళ్ల ఎత్తులో తీయండి. ఫ్లాష్ అస్సలు వద్దు. కుక్క కంటి వెనకాల వెలుతుర్ని తిప్పికొట్టే ఒక పొర ఉంటుంది, చీకట్లో చూడ్డానికి దానికి అదే సాయం, ఫ్లాష్ పడగానే ఆ పొర వల్లే కళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి, ఎంత సాధు కుక్క అయినా చూడగానే భయమేసేలా ఉంటుంది.

ఇప్పుడు నల్ల కుక్కల గురించి, దీని మీద నాకు కొంచెం ఎక్కువే మాట్లాడాలని ఉంది, ఎందుకంటే నా కాళ్ల దగ్గర పడుకుని ఉన్న మా కుక్క కాటుక నల్లది, షెల్టర్ నుంచే వచ్చింది. నల్ల కుక్కలు ఎక్కువకాలం షెల్టర్లలో ఉండిపోతాయని అందరూ అంటారు, స్టడీస్ అన్నీ మాత్రం ఒకే మాట చెప్పలేదు, కొన్నింట్లో తేడా కనపడింది, కొన్నింట్లో లేదు. కానీ ఫోటోలో నల్ల కుక్కకి అన్యాయం జరుగుతుందనేది మాత్రం కళ్ల ముందు కనపడే విషయం. కెనెల్‌లో వెలుతురు తక్కువ, కుక్క నలుపు, ఫోన్‌లో తీస్తే ఒక నల్లటి ముద్ద వస్తుంది, అందులో కళ్లెక్కడో మూతెక్కడో తెలియదు. కాటుక అడాప్షన్ ఫోటో కూడా అలాంటిదే, దాని కనుబొమ్మల దగ్గర ఉండే లేత గోధుమ రంగు చుక్కలు ఆ ఫోటోలో లేనే లేవు, అసలు ఇంత అందమైనవి ఎలా మిస్సయ్యాయో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. బొమ్మ గీసేవాళ్ల చేతిలో ఉన్న బలం ఇదే. నల్ల కుక్కని నల్ల రంగుతో గీయకండి. అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు కలపండి, లోతైన నలుపు వస్తుంది, బ్లూ ఎక్కువేస్తే ఆకాశం కింద నిలబడ్డ బొచ్చు, అంబర్ ఎక్కువేస్తే ఎండ పడ్డ బొచ్చు. ముందు కళ్లలో ఉన్న వెలుగు చుక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి, దాని చుట్టూ మిగతా అంతా కట్టుకుంటూ రండి. బొచ్చు ఏ వైపు తిరిగి ఉందో ఆ వైపే బ్రష్ తిప్పండి. అంతవరకూ పట్టించుకోనివాళ్లు కూడా అలాంటి బొమ్మ ముందు ఆగుతారు, ఇది నేను చాలాసార్లు చూశా.

ఇంకోటి, బొమ్మ కింద జాతి పేరు రాయను. షెల్టర్‌లో చాలా కుక్కలకి జాతి అనేది ఎవరో చూసి ఊహించి రాసింది, డీఎన్ఏ టెస్టు చేస్తే వేరేగా వస్తుంటుంది. 2016లో వచ్చిన ఒక స్టడీలో పిట్‌బుల్ అని, అంటే జనం భయపడే జాతి పేరుతో, లేబుల్ ఉన్న కుక్కనీ, అలాగే కనపడే లేబుల్ లేని కుక్కనీ పోల్చారు, లేబుల్ ఉన్నవి జనానికి తక్కువ నచ్చాయి, ఎక్కువ రోజులు ఉండిపోయాయి, ఒక షెల్టర్ జాతి పేర్లు తీసేశాక అడాప్షన్లు పెరిగాయి కూడా. అందుకని నేను దాని అలవాటు ఒకటి రాస్తా. స్కూటర్ శబ్దానికి ఉలిక్కిపడుతుంది, పిల్లులంటే పడదు, ఒంటరిగా రెండు గంటలు ఉండగలదు, ఇలాంటివి షెల్టర్ స్టాఫ్‌ని అడిగి ఉన్నది ఉన్నట్టు రాస్తా. పిల్లులంటే పడదు అని రాస్తే ఎవరూ తీసుకోరేమో అని కొందరు దాచేస్తారు, అలా దాచడం వల్ల ఆ కుక్క వారానికే వెనక్కి వస్తుంది, ఒకసారి ఇల్లు చూసి మళ్లీ కెనెల్‌కి రావడం దానికి ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

పిట్‌బుల్ అంటే గుర్తొచ్చింది, సోఫీ గమాండ్ అనే ఫోటోగ్రాఫర్ ఉన్నారు, ఫ్రెంచ్ ఆవిడ, న్యూయార్క్‌లో ఉంటూ 2014లో షెల్టర్‌లో ఉన్న పిట్‌బుల్ కుక్కల తలల మీద పూల కిరీటాలు పెట్టి పోర్ట్రెయిట్లు తీయడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఆ కుక్కల్ని గొలుసులతో, కోరలతో చూపించే ఫోటోలే ఎక్కువ. పూలు పెట్టాక అదే మొహంలో మెత్తదనం కనపడింది. ఆవిడ ఏడిపించే ప్రయత్నం చేయలేదు, భయపడే అలవాటు ఉన్న కళ్లకి ఇంకోలా చూడ్డం నేర్పించారు, నాకు అది చాలా గొప్పగా అనిపిస్తుంది.

మార్క్ బరోన్ అనే పెయింటర్ కథ వేరు, అది తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. ఆయన 5,500 కుక్కల బొమ్మలు వేశారు, ఒక్కో కుక్కకి ఒక్కో బొమ్మ, అన్నీ అమెరికా షెల్టర్లలో ప్రాణం తీసేసిన కుక్కలవే. అప్పట్లో అక్కడ ఒక్కరోజులో అలా పోతున్న కుక్కల సంఖ్య అని ఆయన తీసుకున్న లెక్క అది. అంకె చెప్తే విని ఊరుకుంటాం, 5,500 మొహాలు గోడ నిండా మనవైపు చూస్తుంటే ఊరుకోలేం. వాటిలో ప్రతి బొమ్మా ఒక ఫలానా కుక్కదే, వేరేదానిది కాదు. ఏఎస్‌పీసీఏ అనే అమెరికా జంతు సంరక్షణ సంస్థ అంచనాల ప్రకారం 2011లో అక్కడి షెల్టర్లలో కుక్కలు, పిల్లులు కలిపి ఏడాదికి 26 లక్షల దాకా పోతుంటే 2019 అంచనాకి అది 9.2 లక్షలకి తగ్గింది. అడాప్ట్ చేసుకునేవాళ్లు పెరిగారు, తప్పిపోయినవి సొంతవాళ్ల దగ్గరికి తిరిగి చేరడం పెరిగింది. ఇంకా చాలా ఎక్కువే, కానీ తగ్గుతుంది అన్న నమ్మకం ఇవ్వడానికి ఆ తేడా చాలు నాకు.

బొమ్మలు పెట్టి దిక్కులేనివాళ్లకి డబ్బు పోగుచేయడం కొత్తేం కాదు. లండన్‌లో ఫౌండ్లింగ్ హాస్పిటల్ అని వదిలేసిన పిల్లల్ని పెంచే చోటు ఉండేది, 1740లో విలియం హోగార్త్ తను వేసిన పోర్ట్రెయిట్ ఒకటి దానికి ఇచ్చేశాడు, తర్వాత మిగతా పెయింటర్లు కూడా ఇచ్చారు, ఆ బొమ్మలు చూడ్డానికి జనం వచ్చి, పిల్లల్ని చూసి విరాళాలు ఇచ్చేవాళ్లు. బొమ్మ కోసం వచ్చినవాళ్లని ఆ ప్రాణి ముందుకి తీసుకొచ్చి నిలబెట్టాలి, మనం చేయాల్సింది కూడా అదే. అందుకే ఎగ్జిబిషన్ పెడితే వీలైతే షెల్టర్‌లోనే పెట్టమంటా.

కళ అంటే మనుషులు చూడ్డానికే కాదు, లోపల ఉన్న కుక్కలకి కూడా చేయొచ్చు. గ్లాస్గో యూనివర్సిటీ, స్కాట్లాండ్ జంతు సంరక్షణ సంస్థ స్కాటిష్ ఎస్‌పీసీఏ కలిసి కెనెల్‌లో రకరకాల మ్యూజిక్ వినిపించి చూశారు, 2017లో వచ్చాయి ఫలితాలు. సాఫ్ట్ రాక్, రెగే వినిపించినప్పుడు కుక్కలు ఎక్కువ నెమ్మదించాయి. అంతకుముందు ఒకే రకం క్లాసికల్ మాత్రమే పెట్టినప్పుడు మొదట బాగా పనిచేసి, కొన్ని రోజులకే అలవాటైపోయి ప్రభావం తగ్గిపోయింది, కాబట్టి మార్చి మార్చి పెట్టాలి. మీరు వాయించగలిగితే వెళ్లి మెల్లగా వాయించండి, షెల్టర్‌వాళ్లు సంతోషంగా ఒప్పుకుంటారు. కుక్కతోనే పెయింటింగ్ చేయించే పద్ధతి కూడా ఉంది, కాన్వాస్ మీద రంగులు వేసి దాన్ని జిప్ కవర్‌లో పెట్టి, కవర్ పైన పీనట్ బటర్ రాస్తే కుక్క నాకుతుంటే లోపల రంగులు కలిసిపోతాయి. నాకడం వల్ల కుక్క కుదురుకుంటుంది, రంగు నోట్లోకి పోదు. పీనట్ బటర్‌లో జైలిటాల్ (చక్కెర బదులు తీపి కోసం వేసేది) లేకుండా చూసుకోండి, అది కుక్కలకి విషం, ప్రాణం మీదకి వస్తుంది.

బొమ్మ చూసి మనసు పడి తెచ్చుకున్నవాళ్లకి ఒక మాట. రెస్క్యూ వాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని చెప్తారు, మొదటి మూడు రోజులు కుక్కకి అంతా అయోమయం, తినకపోవచ్చు, మంచం కిందే ఉండిపోవచ్చు, మూడు వారాలకి ఇంటి పద్ధతులు పట్టుబడతాయి, ఇది నా ఇల్లే అని ధైర్యం రావడానికి మూడు నెలలు. అన్నీ ఇలాగే లెక్క తప్పకుండా జరగవు, కాటుకకి ఇంకా ఎక్కువే పట్టింది. ఆ మొదటి రోజుల్లో చుట్టాల్ని, ఫ్రెండ్స్‌ని పిలిచి చూపించకండి, ఒక గదిలో దానికో మూల ఇచ్చి వదిలేయండి. బొమ్మలో ఉన్న ఆ చిలిపి మొహం కొన్నాళ్లకి గానీ కనపడదు, ఆ బొమ్మ అబద్ధం కాదు, కుక్కకి టైమ్ కావాలి అంతే.

ఇక డబ్బు సంగతి. అమ్మేముందే ఎంత భాగం ఎక్కడికి పోతుందో రాసిపెట్టండి, షెల్టర్‌ని అడిగి దేనికి కావాలో తెలుసుకోండి, ఒక్కోసారి వాళ్లకి పాత దుప్పట్లు, మందుల ఖర్చు, ఆపరేషన్ ఖర్చు ఎక్కువ అవసరం. గీయడం అంతంతమాత్రం వచ్చినా ఆగకండి, ఇంగ్లండ్‌లో ఒకాయన 2020లో సరదాగా వేసిన వంకరటింకర పెంపుడు జంతువుల బొమ్మలకి జనం ఎగబడి, లక్ష పౌండ్లకి పైనే పోగయింది, అదంతా ఇళ్లు లేని మనుషుల కోసం పనిచేసే సంస్థకి ఇచ్చారు. ఇదే పద్ధతి షెల్టర్లకి కూడా బ్రహ్మాండంగా పనికొస్తుంది, డొనేట్ చేస్తే మీ కుక్క బొమ్మ వేసిస్తాం అని.

నా పద్ధతి చెప్తా, నచ్చితే మీరూ చేయండి. ప్రింట్లు మాత్రమే అమ్ముతా. ఒరిజినల్ ఆ కుక్కని తీసుకెళ్లే కుటుంబానికి ఉంచేస్తా, అంతవరకూ అది షెల్టర్‌లోనే గోడకి ఉంటుంది. ఫైల్ కూడా షెల్టర్‌కి ఇచ్చేస్తా, గూటి బయట పెట్టే కార్డు మీద వేసుకోవడానికి. పోస్టు పెట్టేటప్పుడు నా పేరు కన్నా ముందు షెల్టర్ ఫోన్ నంబరు పెడతా, ఇల్లు దొరకగానే అదే పోస్టులో రాసేస్తా, లేకపోతే జనం వెళ్లిపోయిన కుక్క కోసం ఫోన్లు చేస్తూనే ఉంటారు, స్టాఫ్‌కి అది పెద్ద పని. ఈ నెలలో ముసలి కుక్కలు గీస్తున్నా. మీకు దగ్గర్లోని షెల్టర్‌లో ఎవరూ అడగని ముసలి కుక్క ఉంటే, వాళ్ల పర్మిషన్ తీసుకుని బయట వెలుతుర్లో, కళ్ల ఎత్తులో తీసిన ఫోటో ఒకటి, దాని అలవాటు ఒకటి రాసి పంపండి, వేసి ఫైల్ నేరుగా షెల్టర్‌కే పంపిస్తా.