ఉలవపాడు మామిడితో గ్రిల్డ్ చీజ్ శాండ్‌విచ్

గ్రిల్డ్ చీజ్ శాండ్‌విచ్‌లో పండు పెట్టాలంటే ముందు చూసుకోవాల్సింది నీళ్ల సంగతి. మామిడిపండు బరువులో నూటికి ఎనభై వంతుల పైనే నీళ్లు. బ్రీ లాంటి మెత్తని చీజ్‌లో కూడా దాదాపు సగం నీళ్లే. ఈ రెండింటినీ బ్రెడ్ మధ్య పెట్టి వేడి చేస్తే ఆ తడంతా బ్రెడ్డే తాగేస్తుంది. పైకి ఎర్రగా కాలినట్టే కనిపిస్తుంది గానీ, చేత్తో పట్టుకోగానే నడిమికి వంగిపోతుంది. ఈ వేసవిలో కావలిలోని మా వంటింట్లో నేను నేర్చుకున్నదంతా ఆ తడిని అదుపులో పెట్టడం గురించే.

ఇలాంటి శాండ్‌విచ్ నేను మొదట తిన్నది చెన్నైలో, మా వదిన వాళ్లింటి దగ్గర ఒక కాఫీ షాపులో. అందులో బేరిపండు ముక్కలు, బ్రీ చీజ్ పెట్టారు. ఉప్పు తగిలే చీజ్, లోపల వెచ్చబడ్డ తియ్యటి పండు, కరకరలాడే బ్రెడ్. చాలా బాగుంది. అయితే తింటున్నంతసేపూ నా మనసు ఉలవపాడు మీదే ఉంది. కావలి నుంచి ఒంగోలు వైపు హైవే మీద అరగంట వెళ్తే ఉలవపాడు వస్తుంది. ఎండాకాలం మొదలైతే చాలు, రోడ్డు పక్కన బంగినపల్లి కాయలు గుట్టలుగా పోసి అమ్ముతుంటారు. అంత మంచి పండు పక్కనే ఉండగా కోల్డ్ స్టోరేజీలోంచి వచ్చిన బేరిపండు మనకెందుకు?

పండు తేలికే. చీజ్ దగ్గరే అసలు పని పడింది. మా ఊరి షాపుల్లో దొరికేవి చీజ్ స్లైసులు, చీజ్ బ్లాకు, పిజ్జా మీద వేసే మొజరెల్లా. స్లైసులు చక్కగా కరుగుతాయి. వాటిలో సోడియం సిట్రేట్ లాంటి లవణాలు వేస్తారు కాబట్టి కొవ్వూ నీళ్లూ విడిపోకుండా నున్నగా జారతాయి. కానీ మామిడి పక్కన వాటి రుచి నిలబడదు, ఉప్పదనం ఒక్కటే తెలుస్తుంది. మెత్తని చీజ్‌కి ఉండే పాల కమ్మదనం, చిన్న పులుపు ఇందులో రావు. అందుకని మా వదిన పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నప్పుడు చెన్నై నుంచి ఒక బ్రీ తెమ్మన్నాను. థర్మాకోల్ డబ్బాలో ఐస్ ప్యాక్‌ల మధ్య పెట్టుకుని తెచ్చింది పాపం.

పొట్లం విప్పగానే మా అత్తయ్య దగ్గరికొచ్చి చూసింది.

"ఏందమ్మే ఇది, పైన బూజు పట్టుంది? డబ్బులిచ్చి కొన్నారా దీన్ని?"

ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. బ్రీ మీద ఉండే తెల్లటి పొర నిజంగా బూజే. పారిస్‌కి తూర్పున ఉన్న బ్రీ ప్రాంతంలో పుట్టిన చీజ్ ఇది, పేరు కూడా ఆ ప్రాంతానిదే. పెనిసిలియం జాతికి చెందిన ఒక రకం బూజుని కావాలనే దానిమీద పెంచుతారు. అది పైనుంచి లోపలికి పని చేసుకుంటూ పోయి చీజ్‌ని మెత్తబరుస్తుంది. ఆ పొరతో సహా తినొచ్చు. అదే చెప్పాను. వెంటనే రెండో ప్రశ్న వచ్చింది. "చీజ్‌లో దూడ కడుపులోంచి తీసిందేదో వేస్తారంట గదా?" మా ఇంట్లో అత్తయ్య మాంసం ముట్టదు, కాబట్టి ఇది దాటవేసే విషయం కాదు. పాలు తోడుకోవడానికి వేసే రెన్నెట్‌ని పూర్వం నుంచీ పాలు తాగే దూడ కడుపు నుంచే తీసేవాళ్లు, ఫ్రాన్స్‌లో చాలా సంప్రదాయ చీజ్‌లకి ఇప్పటికీ అదే వాడతారు. ఇప్పుడు సూక్ష్మజీవుల నుంచి తయారుచేసిన రెన్నెట్ కూడా ఉంది. వదిన తెచ్చిన పొట్లం మీద పచ్చ చుక్క ఉంది. దాన్ని చూపించాక అత్తయ్య ఒప్పుకుంది. మీ ఇంట్లోనూ శాకాహారులుంటే కొనేటప్పుడే ఆ చుక్క చూసుకోండి, తర్వాత టెన్షన్ ఉండదు.

బ్రీతో చేసిన శాండ్‌విచ్ బాగానే వచ్చింది. అయితే ప్రతిసారీ చెన్నై నుంచి ఎవరు తెస్తారు? పైగా ఖరీదు. మెత్తని చీజ్ ఇంట్లోనే చెయ్యాలని అప్పుడే అనుకున్నాను. మనకి చిక్కటి గేదె పాలు ఉన్నాయి, నిమ్మకాయలకి కొదవ లేదు. పొదలకూరు మార్కెట్ నుంచి ఢిల్లీ దాకా నిమ్మకాయల లారీలు వెళ్తుంటాయి, అవే కాయలు మా వీధిలో బుట్టలో పెట్టుకుని అమ్ముతారు.

లీటరు గేదె పాలు, మీగడ తియ్యకుండా, పొంగు వచ్చేదాకా కాచాను. స్టవ్ ఆపేసి రెండు నిమిషాలు ఆగాను. రెండు చెంచాల నిమ్మరసంలో అన్ని నీళ్లే కలిపి, కొంచెం కొంచెంగా పోస్తూ మెల్లగా తిప్పాను. పచ్చదనం తిరిగిన నీళ్లు విడిపోవడం కనిపించగానే రసం పొయ్యడం ఆపేశాను. ఇక్కడ ఆపడం ముఖ్యం, రసం ఎక్కువైతే విరుగు గట్టిపడి రబ్బరులా సాగుతుంది. పల్చటి నూలు గుడ్డలో వడకట్టి అరగంట వేలాడదీశాను. పనీర్‌కి పెట్టినట్టు పైన బరువు పెట్టలేదు. ఇంకా తేమగా ఉండగానే పళ్లెంలో వేసి, ఉప్పు, రెండు చెంచాల మీగడ కలిపి, అరిచేతి మడమతో పలుకు లేకుండా మెదిపాను. వేలితో తీస్తే మెత్తగా వచ్చేంత చీజ్ తయారైంది. పాలు విరగ్గొట్టడం ఇష్టంలేని అత్తయ్య కూడా మెదిపే దగ్గరికి వచ్చేసరికి "ఇటివ్వు, నీకు చెయ్యి తిరగట్లా" అని పళ్లెం తన ముందుకు లాక్కుంది.

ఈ చీజ్ రుచి చక్కగా ఉంటుంది గానీ కరగదు. ఎంత వేడి చేసినా అలాగే ఉంటుంది. రెన్నెట్‌తో చేసిన చీజ్‌లో పాల ప్రోటీన్లని కాల్షియం పట్టి ఉంచుతుంది, వేడికి ఆ పట్టు సడలి చీజ్ జారుతుంది. కాచిన పాలని పులుపుతో విరిచినప్పుడు ఆ కాల్షియం చాలావరకు నీళ్లలోకి వెళ్లిపోతుంది, ప్రోటీన్లు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుంటాయి. పనీర్ కూరలో ముక్క ముక్కలాగే ఉండటానికి కారణం ఇదే. శాండ్‌విచ్‌కి మాత్రం రెండూ కావాలి, మెత్తదనమూ కావాలి, బ్రెడ్డుని పట్టి ఉంచే సాగుడూ కావాలి. అందుకే ఇంట్లో చేసిన చీజ్ రెండు వంతులు, తురిమిన మొజరెల్లా ఒక వంతు కలుపుతున్నాను. మొజరెల్లాని ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తురమాలి. మే నెలలో మా వంటిల్లు బయట ఎండకి ఏమీ తీసిపోదు, కాసేపు బయట ఉంచితే చీజ్‌లోని కొవ్వు చెమర్చి తురుము ముద్దైపోతుంది.

ఇక మామిడి. రసం కారేంత పండింది వద్దు, అది ఊరికే తినడానికి. దోరగా మాగినది, చెక్కు తీస్తే కత్తికి గట్టిగా తగిలేది కావాలి. పావంగుళం మందం ముక్కలు కోసి, కాస్త ఉప్పు చల్లి పది నిమిషాలు వదిలేస్తే పైకి నీళ్లు ఊరతాయి. శుభ్రమైన గుడ్డతో అద్దేసి, వేడి పెనం మీద చుక్క నెయ్యితో ఒక్కో వైపు నిమిషం చొప్పున వేయించి చల్లార్చాను. అంచులు కొద్దిగా ఎర్రబడతాయి, తీపి చిక్కబడుతుంది, తడి కొంత తగ్గుతుంది. పైన దంచిన మిరియాలు. మొత్తం తయారీలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇదే, ఆ వాసనకి పక్క గదిలోంచి జనం లేచి వస్తారు.

సపోటాతో కూడా చేసి చూశాను, అదీ ఉలవపాడుదే. పులుపు లేని వట్టి తీపి కావడంతో చీజ్‌తో కలిసినప్పుడు మొహం మొత్తుతుంది. అరటిపండు అంతకంటే తొందరగా జారిపోతుంది. ఈ శాండ్‌విచ్‌కి పండులో పులుపు ఉండి తీరాలి.

తీపి, కొవ్వు, పులుపు వచ్చాయి, కారం మిగిలింది. బయట ఇలాంటివాటిలో తేనె గానీ జామ్ గానీ రాస్తారు. మామిడికి మళ్లీ తీపి ఎందుకు? పండుమిరపకాయ పచ్చడిని ఒక బ్రెడ్ ముక్క లోపలి వైపు పల్చగా, రంగు కనపడేంత మాత్రమే రాశాను. నా మటుకు నాకు ఈ శాండ్‌విచ్ మన ఇంటిదైంది ఆ పచ్చడితోనే. వెల్లుల్లి ఎక్కువ పడ్డ పచ్చడైతే పండు రుచిని మింగేస్తుంది, అది వద్దు.

బ్రెడ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. స్లైసులు కొయ్యకుండా మొత్తం రొట్టె ఇమ్మని బేకరీలో అడిగితే ఇస్తారు. ఒక రోజు నిలవుండనిచ్చి, అరంగుళం మందాన మనమే కోసుకోవాలి. ఆ రోజు చేసిన తియ్యటి మిల్క్ బ్రెడ్ ముట్టుకుంటేనే నలిగిపోతుంది, లోపలి బరువు మొయ్యలేదు.

పేర్చే వరుసలోనే తడికి అడ్డుకట్ట ఉంది. కింది బ్రెడ్ మీద చీజ్, దానిమీద మామిడి, మళ్లీ చీజ్, పైన బ్రెడ్. పండు బ్రెడ్డుకి ఎక్కడా తగలకూడదు. చీజ్‌లోని కొవ్వు రెండు వైపులా గోడ కడుతుంది. అంచుల దగ్గర వేలెడు చోటు వదిలితే కరిగినది బయటికి కారదు.

కాల్చడానికి మా దోసె పెనమే వాడాను, బాగా అలవాటుపడిన ఇనప పెనం. బ్రెడ్ బయటి వైపులకి వెన్న కాకుండా నెయ్యి రాశాను. వెన్నలో నూటికి పదహారు వంతుల దాకా నీళ్లుంటాయి, పాల పలుకులూ ఉంటాయి, అవి ముందే మాడి నల్లటి చుక్కలు పడతాయి. నెయ్యిలో ఆ రెండూ ఉండవు. మంట మాత్రం బాగా సన్నగా పెట్టాలి. బ్రెడ్ ఎర్రబడాలంటే దాని పైభాగం 140 డిగ్రీల దాకా వేడెక్కాలి, లోపలి చీజ్ జారడానికి 60 డిగ్రీలు చాలు. అయినా వెనకబడేది చీజే, ఎందుకంటే వేడి అరంగుళం బ్రెడ్డుని దాటుకుని దాని దాకా వెళ్లాలి. మంట పెద్దదైతే బ్రెడ్ మాడేసరికి లోపల మామిడి ఇంకా చల్లగానే ఉంటుంది. కాబట్టి ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు పడుతుంది, తొందరపెట్టి లాభం లేదు. మొదటి వైపు కాలేటప్పుడు మూత పెట్టాను, తిప్పాక తీసేశాను. మూత ఉంటే లోపల త్వరగా కరుగుతుంది, కానీ చివరిదాకా ఉంచితే ఆవిరికి బ్రెడ్ చెమ్మగిల్లుతుంది. అట్లకాడతో అదిమే అలవాటు చాలామందికి ఉంటుంది. అదిమితే మామిడి రసం వదులుతుంది, కాబట్టి వద్దు.

దించాక పళ్లెంలో పెట్టకూడదు. వేడి బ్రెడ్ కింద ఆవిరి చేరి అడుగు మెత్తబడుతుంది. జల్లెడ బోర్లించి దానిమీద పెట్టాను. రెండు నిమిషాలు ఆగి, పళ్లున్న కత్తితో మూలకి కోశాను. ఆ రెండు నిమిషాల్లో చీజ్ కాస్త నిలదొక్కుకుంటుంది, కోసినప్పుడు మామిడి జారిపడదు.

సెలవులకి వచ్చిన మా వదిన కూతురికి మొదటి ముక్క ఇచ్చాను. తిని, "అత్తా, పచ్చడి ఇంకొంచెం రాయి" అంది. మా ఆయన రెండు ముక్కలు తిన్నాక గానీ లోపల ఏమేం ఉన్నాయని అడగలేదు. అత్తయ్యకి బ్రీ కంటే ఇంట్లో చేసిన చీజే నచ్చింది. "పాలవాసన తెలస్తా ఉంది" అని ఒక్క మాటే అంది గానీ, ఆ సాయంత్రం పాలవాడికి లీటరు ఎక్కువ పొయ్యమని చెప్పింది కూడా ఆమే. విరిగిన నీళ్లు పారబొయ్యనివ్వలేదు, వాటితోనే చపాతీ పిండి కలిపించింది. చపాతీలు మెత్తగా వచ్చాయి.

బ్రీ దొరికినవాళ్లు దాంతోనే చెయ్యండి, ఆ పొర కాలినప్పుడు వచ్చే పుట్టగొడుగుల వాసన ఇంటి చీజ్‌కి రాదు. అప్పుడు మొజరెల్లా అవసరం లేదు, బ్రీ తనంతట తానే కరుగుతుంది. ఫ్రిజ్‌లో గట్టిగా ఉన్నప్పుడే ముక్కలు కోసుకోండి.

ఇది అప్పటికప్పుడు తినాల్సిందే, బాక్సులో పెట్టి పంపేది కాదు. మామిడి అయిపోయాక ఏ పండు అని మా వదిన కూతురు అప్పుడే అడుగుతోంది. నల్లమల సీతాఫలం అంటే నాకు ప్రాణం, కానీ వేడి తగిలితే దాని రుచి పాడైపోతుంది. జామ సరిపోతుందనుకుంటున్నాను, వగరూ పులుపూ రెండూ ఉన్న దోర జామ. గింజలు మాత్రం తీసేసి పెట్టాలి, అత్తయ్యకి పళ్ల సందుల్లో ఇరుక్కుంటాయి.